పన్నెండుమంది కళ్ళారా చూసినది

బుధవారం లోపల బతూల్ చేయాల్సిన పనులు ఇవి: కుట్టుమేస్త్రీకి ఒప్పుకున్న పట్టు బొత్తాలు అల్లి ఇవ్వడం. తమ్ముడు జిలాలీని ఠాణాకు తీసుకెళ్ళి జామీను మీద వారం వారం పెట్టే సంతకం పెట్టించడం. కారుతున్న వంటింటి గొట్టానికి గుడ్డ చుట్టడం. శుక్రవారం వండే కుస్‌కుస్‌లోకి శనగలు తెచ్చుకోవడం. పన్నెండుమంది మగవాళ్ళను పోగుచేయడం.

మొదటి నాలుగూ ఆమె చేతిలో పనులే. అయిదోదాని గురించి లాయర్ బెన్నాసర్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"క్రిమినల్ జడ్జి పన్నెండుమంది కలిసి చెప్పే సాక్ష్యాన్ని, ఈ లఫీఫ్‌ని ఒప్పుకుని తీరాలని లేదమ్మా. కానీ అవతలి వాళ్ళ దగ్గర ఉన్నదేమిటి? మీ తమ్ముడున్న గ్వాంటనామో జైల్లో ఎవడో తోటి ఖైదీ అన్న ఒక్క మాట. మీ తమ్ముడు ఊరు విడిచిన ఏడు, ప్రవక్త పుట్టినరోజు మిలాద్ పండుగకు ముందు రోజున అతన్ని టాంజియర్‌లో ఫలానా ఇంట్లో, ముఠా కట్టిన చోట చూశానన్నాడు. అమెరికా వాళ్ళు ఆ మాట పట్టుకుని కేసు కూడా పెట్టలేదు, విమానం ఎక్కించి పంపేశారు. మన వాళ్ళు విమానం మెట్ల దగ్గరే అదే మాట పట్టుకుని కేసు కట్టారు. ఇప్పుడు పన్నెండుమంది పెద్దమనుషులు సాక్ష్యాలు రాసిపెట్టే అదుల్‌ల ముందుకెళ్ళి, ఆ రోజు జిలాలీ మా కళ్ళ ముందు ఇక్కడ సలే వీధుల్లో పండుగ ఊరేగింపులో మైనపు దీపం మోస్తున్నాడు అని రాయిస్తే, ఆ మాట నిలవదు."

"మోశాడు బాబూ! నేను చూశాను. మేడ మీద నిలబడి చూశాను. వాడి నడికట్టు కుట్టింది నేనే."

"మీరు అక్క. పైగా ఆడమనిషి. పన్నెండులో మీరు లెక్కకు రారు." అలా అన్నందుకు తనే కాస్త సిగ్గుపడ్డట్టు బెన్నాసర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీ తమ్ముణ్ణి అడిగితే నోరు విప్పడు. ఆ ఇంటికి వెళ్ళలేదండీ అంటాడు. మరి ఎక్కడున్నావయ్యా అంటే తన చేతులు తను చూసుకుంటాడు."

"వాడు నోరు విప్పిన ప్రతిసారీ దానికో కొత్త అర్థం తీశారు బాబూ అక్కడ. ఇంక ఏం విప్పుతాడు?"

గురువారం విచారణ. ఆమె తొందరంతా అందుకే.

మా సలేలో మిలాద్ దగ్గర పడిందంటే మైనం వాసన వీధి మలుపు దాకా వస్తుంది. దీపాలు చేసే ముసలి సి బుబ్కర్ దుకాణంలో ఎత్తయిన చెక్క చట్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటికి అప్పటికే తెల్లకాగితం అంటించారు, పూలు పెట్టడమే మిగిలింది. ముసలాయన చెక్క అచ్చును ముందు నీళ్ళలో ముంచాడు. తర్వాత కరిగిన పచ్చ మైనంలో, మళ్ళీ నీళ్ళలో. అచ్చు మీద ఉల్లిపొర అంత పల్చటి ఆకు ఏర్పడింది. బొటనవేలి గోటితో అంచు లేపి, ఊపిరి బిగపట్టి, ఊడదీసి కాగితం మీద పెట్టాడు. అప్పుడు గానీ బతూల్ వైపు చూడలేదు.

"చెప్పమ్మా."

చెప్పింది.

ముసలాయన మళ్ళీ అచ్చు ముంచాడు. "నా దీపం వాడు మోశాడని చెప్పడానికి నాకు భయమేమిటి? ఆ ఏడు వడగాలి కొట్టి కుడివైపు పూలు వంగిపోయాయి. వాడు ఎండకు వీపు పెట్టి, దీపాన్ని తన నీడలో నడిపించాడు. ఎరుపు నడికట్టు, పసుపు కుచ్చులు. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. రాయించు నా పేరు."

ఆమె ఆయన చేయి అందుకుని ముద్దు పెట్టుకోబోతే, "మైనం, మైనం, కాలుతుంది!" అని లాక్కున్నాడు.

మిగతావాళ్ళు అంత సులువుగా దొరకలేదు. సుగంధద్రవ్యాల కొట్టువాడు ఇంట్లో ఉండి లేడనిపించాడు. బడి పంతులు నీళ్ళు నమిలి, ఆఖరికి పింఛను మాట ఎత్తాడు. రొట్టెల బట్టీ యజమాని, "నిప్పు లేందే పొగ వస్తుందా చెల్లీ?" అన్నాడు.

"పొగ వచ్చింది మీ బట్టీలోంచే అన్నయ్యా. వాడు పుట్టిన రోజునుంచీ మీ రొట్టెలే తిన్నాడు," అంది బతూల్.

ఆ మాటకు వెనక నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు గానీ, "ఎప్పుడు రమ్మంటావు?" అని గొణిగాడు.

మంగలి మీలూద్ సబ్బు నురగ మధ్యలో కత్తి ఆపి ఆలోచించాడు. "అక్కా, నేను ఏ ఏట పెళ్ళి చేసుకున్నానో మా ఆవిడకే తిన్నగా చెప్పలేను. జడ్జికేం చెప్పను?"

"జిలాలీని ఆఖరుసారి దీపంతో చూసింది ఎప్పుడో చెప్పు చాలు."

"వాడు ఊరు విడిచిన ఏడే కదా. పండుగ అయింది, ఎండాకాలం చివర వాడు పని వెతుక్కుంటానని పోయాడు, అట్నుంచటే..." కత్తి గాలిలో ఒకసారి ఊపి, "వస్తాలే. మా ఆవిడకి మాత్రం చెప్పకు, ముందు నన్నే గోతిలో పెడుతుంది," అన్నాడు.

అలా అందరూ అదే చెప్పారు. వాడు ఊరు విడిచిన ఏడే. ఎరుపు నడికట్టు, పసుపు కుచ్చులు. పడవ నడిపే హమ్మాదీ ఒక్కడే కుదరదన్నాడు.

హమ్మాదీ, జిలాలీ ఒకే వీధిలో పెరిగారు. ఒకే ఎత్తు, ఒకే భుజాలు. అందరూ కాదన్నా వీడు కాదనడని బతూల్ ముందే లెక్క వేసుకుంది. ఏటి ఒడ్డున తెడ్లు కడుగుతున్నవాడు ఆమె మాటలన్నీ విని తలెత్తలేదు.

"నన్ను వదిలెయ్ అక్కా."

"నిన్నా? ఒక పళ్ళెంలో తిన్నారురా ఇద్దరూ!"

"తిన్నాం. అందుకే వదిలెయ్యమంటున్నా."

"తెడ్డు పట్టే చేతికి సంతకం బరువైందా? ముసుగు వేసుకో, నిన్నూ లెక్కలోంచి తీసేస్తారు!" అంది బతూల్ కోపంగా. హమ్మాదీ తెడ్డును ఇంకోసారి కడిగాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

సాయంత్రం జిలాలీ ఠాణా నుంచి నడిచి వస్తుంటే మీలూద్ దుకాణం గడపలో నిలబడి చూశాడు. జిలాలీ అడుగులు ఇప్పుడు చిన్నవి. ఒక పాదం ఇంకో పాదాన్ని దాటీ దాటనట్టు వేస్తాడు.

"చూడండయ్యా!" అని అరిచాడు మీలూద్. "దీపం మోయాల్సిన నడక అంటే ఇదీ! పువ్వు ఒక్కటి కదలదు. ఎక్కడ నేర్చావురా?"

అన్నాక అర్థమైంది అతనికి, కాళ్ళ మధ్య గొలుసు ఉంటే ఎవరైనా నేర్చుకునే నడక అది అని. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. జిలాలీ మాత్రం నొచ్చుకోలేదు. "నిజమే మీలూద్ అన్నా, పనికొచ్చే విద్యే," అన్నాడు.

ఇంట్లో బతూల్ బొత్తాలు అల్లుతూ కూర్చుంది. సూది చుట్టూ పట్టుదారం తిప్పి, ముడి వేసి, పంటితో బిగించడం. జిలాలీ ఎదురుగా కూర్చుని రెండు అరచేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు. ఎవరూ అడగకపోయినా ఇప్పుడు అలాగే పెడతాడు.

"బుధవారం పెద్దలు కొందరు అదుల్ దగ్గరికి వస్తున్నారు," అంది ఆమె. "నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్తారు."

"ఎందుకక్కా వాళ్ళకి తలనొప్పి?"

"వాళ్ళకి లేని నొప్పి నీకెందుకు? గ్లాసు ఇటివ్వు."

ఆమె పుదీనా టీని ఎత్తు నుంచి పోసింది. అతను ఆ ధారనే చూస్తూ కూర్చున్నాడు. తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ అతను చాలా మామూలు వాటిని అలా చూస్తున్నాడు. మేడ మీద ఆరేసిన దుప్పట్లను. పిల్లి నిద్రపోవడాన్ని. అలా చూసే కళ్ళను చూస్తే, జైలు తలుపు వీడి మీద మళ్ళీ మూసుకుంటే తను బతకనని ఆమెకు అనిపిస్తుంది.

బుధవారం పొద్దున బతూల్ ఒప్పుకున్నవాళ్ళను లెక్కపెట్టుకుంటూ అదుల్‌ల గదికి వెళ్ళింది. ముందు రోజు వరకూ రానన్న బడి పంతులు కొత్త జెల్లాబా అంగీ వేసుకుని గుమ్మం దగ్గర అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. "ఇంట్లో ఉండబుద్ధి కాలేదు," అన్నాడు, అడగకుండానే. సుగంధద్రవ్యాల కొట్టువాడు వచ్చాడు. రారనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చారు. ఈ మనుషులంతా తమ గుర్తింపు కార్డులు చేత్తో పట్టుకుని, ఉగ్రవాదం అనే మాట రాసి ఉన్న కేసులోకి వాళ్ళంతట వాళ్ళే నడిచి వస్తున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. కొందరు దారిలో రొట్టె తింటూ వచ్చారు.

పదకొండుమంది అయ్యారు, ఒక్క మనిషి తక్కువ. బయట జట్కావాడినో కూలివాడినో పిలుద్దామా అని మీలూద్ అంటుండగా మెట్ల మీద అడుగుల చప్పుడయింది. హమ్మాదీ. ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి వరసలో చివర నిలబడ్డాడు. బతూల్ అతని వైపు చూసిన చూపులో క్షమాపణ ఉంది. అతను దాన్నీ అందుకోలేదు.

పెద్ద అదుల్ సి తుహామీ కలం సరిచేసుకున్నాడు. పక్కన రెండో అదుల్ కార్డులు చూస్తూ పేర్లు చదువుతున్నాడు. "ఎవరి గురించి చెప్తున్నారో ఆ మనిషి నాకు కనబడాలి. పిలవండి," అన్నాడు సి తుహామీ. బతూల్ వెంట వచ్చిన పక్కింటి పిల్ల వెళ్ళి జిలాలీని తీసుకొచ్చింది. అతను గడప దగ్గర ఆగి, ఎవరో రమ్మన్నాక లోపలికి వచ్చి, గోడ పక్కన నిలబడ్డాడు.

సి బుబ్కర్ మొదలుపెట్టాడు. గోళ్ళలో పచ్చ మైనం ఇంకా ఉంది. "దేవుడి సాక్షిగా, ఇతను ఊరు విడిచిన ఏడు, మిలాద్ ముందు రోజు, పొద్దువాలే వేళ అసర్ నమాజు తర్వాత ఊరేగింపులో నా దీపం మోశాడు. నా కళ్ళతో చూశాను."

రెండో మనిషి అదే చెప్పాడు. మూడో మనిషీ. మాట మారుతోంది గానీ విషయం మారలేదు. ఎరుపు నడికట్టు, పసుపు కుచ్చులు, వడగాలి. కలం నడుస్తోంది. గోడ పక్కన నిలబడ్డ జిలాలీ ముఖంలోంచి రక్తం మెల్లగా దిగిపోవడం బతూల్ ఒక్కతే చూసింది. పదకొండుమందీ అయ్యారు. సి తుహామీ పన్నెండో మనిషి వైపు తిరిగాడు.

"హమ్మాదీ. చెప్పు."

హమ్మాదీ నోరు తెరిచాడు. "ఆ రోజు... జిలాలీ..."

"వద్దు," అన్నాడు జిలాలీ.

గట్టిగా అనలేదు. అయినా కలం ఆగింది.

"వద్దురా. నా కోసం అబద్ధం చెప్పకు." తర్వాత అదుల్ వైపు తిరిగి, "అయ్యా, వీళ్ళెవరూ అబద్ధం ఆడటం లేదు. పొరబడ్డారు. వడగాలి కొట్టి పూలు వంగింది అంతకు ముందటేడు. అప్పుడు నేనే మోశాను. నేను ఊరు విడిచిన ఏడు మోసింది నేను కాదు. వీడు," అన్నాడు హమ్మాదీని చూపిస్తూ.

అందరూ హమ్మాదీ వైపు తిరిగారు.

"నా వేషం, మా అక్క కుట్టిన నడికట్టు వీడికి కట్టాను. మోసేవాళ్ళందరం వేసుకునే పాత సరంగుల వేషంలో, ముఖానికి అడ్డంగా దీపం ఉన్నాక ఎవరెవరో ఎవరికి తెలుస్తుంది? నేను ఆ రోజు టాంజియర్‌లో ఉన్నాను."

"ఒరేయ్!" అంది బతూల్. అది అరుపు కాదు, కాలిన చేయి వెనక్కి లాక్కున్నప్పుడు వచ్చే చప్పుడు లాంటిది.

"ఓడరేవులో అక్కా. లారీల కింద దాక్కుని స్పెయిన్ దాటేద్దామని వెళ్ళాను. రెండు రోజులు కాచుకున్నా, కుదరలేదు, తిరిగొచ్చేశాను. అమ్మకి తెలిస్తే గుండె ఆగిపోతుందని వీడి చేత ఒట్టు వేయించుకున్నా. ఆ ఇల్లెక్కడుందో నాకు తెలీదు. కానీ టాంజియర్‌లో ఉన్నది నిజం."

సి తుహామీ కలం పక్కన పెట్టాడు. "అబ్బాయీ, ఏం చేస్తున్నావో తెలుస్తోందా? ఈ కాగితం పూర్తయితే రేపు నీకు అక్కరకొస్తుంది. ఇప్పుడు నువ్వన్న మాట రాస్తే, నువ్వు ఆ ఊళ్ళోనే ఉన్నావని నీ నోటితో నువ్వు ఒప్పుకున్నట్టు."

"తెలుసయ్యా." జిలాలీ చేతులు రెండూ ముందుకు, అందరికీ కనబడేట్టు పెట్టుకున్నాడు. "చూడనివాడు చూశానని చెప్తే లోపలికి వెళ్ళాను. వాడు ఎవరో, వాడి చేత ఎలా చెప్పించారో నాకు తెలీదు. వాడి మీద నాకు కోపం కూడా లేదు. కానీ అలాంటి సాక్ష్యంతో బయటికి రాలేను. వచ్చినా బయట ఉన్నట్టుండదు."

కింద వీధిలో గాడిదను తోలుకుపోతున్నవాడు దారి ఇమ్మని అరుస్తున్నాడు. మీలూద్ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. బతూల్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది, ఆ వెంటనే తమ్ముడి మీద కోపం వచ్చింది, ఆ కోపం వెనకాల ఇంకేదో వచ్చింది. దానికి ఆమె దగ్గర పేరు లేదు. మిట్టమధ్యాహ్నం మసీదులోకి అడుగుపెట్టినప్పుడు ఒంటికి తగిలే చల్లదనం లాంటిది. వీణ్ణి చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగింది తనేనా అనిపించింది.

"నేను నా కళ్ళతో చూశానన్నాను," అన్నాడు సి బుబ్కర్. "ఈ వయసులో, దేవుడి పేరు మీద. నడికట్టు చూసి మనిషిని చూశాననుకున్నాను." ముసలాయన నేల మీద కూర్చున్నాడు. బడి పంతులు మంచినీళ్ళు తెచ్చాడు. తాగి, గ్లాసు పక్కన పెట్టి, అదుల్ వైపు చూశాడు.

"ఆ కాగితం చింపెయ్యి సి తుహామీ. ఇంకోటి తియ్యి. నేను చెప్తాను, రాసుకో. మేము పన్నెండుమందిమి ఇవాళ పొరపాటు సాక్ష్యం చెప్పడానికి వచ్చాం. అది ఇతనికి మేలు చేసే సాక్ష్యం. ఇతను మమ్మల్ని ఆపాడు. తనకు కీడని తెలిసీ ఆపాడు. ఇది మేము విన్నది కాదు, అనుకున్నది కాదు. ఇవాళ, ఈ గదిలో, కళ్ళారా చూశాం."

"ఇది కోర్టులో దేనికి పనికొస్తుంది?" అన్నాడు కొట్టువాడు, మెల్లగా.

"నాకేం తెలుసు? నాకు తెలిసింది ఇదొక్కటే."

హమ్మాదీ ముందుకొచ్చాడు. "ఆ ఏడు దీపం మోసింది నేనని రాయండి. టాంజియర్ బస్సు ఎక్కించింది నేనే. తిరిగొచ్చిన రోజు ఏరు దాటించి ఇంటికి చేర్చింది నేనే. దొంగతనంగా సముద్రం దాటడానికి సాయం చేశానంటారేమో, అననీండి." బతూల్ వైపు అప్పుడు చూశాడు. "ఒట్టు పెట్టుకున్నా అక్కా. అందుకని చెప్పలేకపోయా. ఇవాళ వాడి కోసం నరకానికి పోదామనే వచ్చా. వాడు పోనివ్వలేదు."

సి తుహామీ పాత కాగితాన్ని నిలువుగా చింపి, కొత్తది పరుచుకున్నాడు. "ఇన్నేళ్ళలో ఎన్నో లఫీఫ్‌లు రాశాను. సగం మంది చూడకుండానే చూశామంటారు. ఇంత నికరంగా చూసిన సాక్ష్యం రాయడం ఇదే మొదలు," అని కలం ముంచాడు. రాస్తున్నంతసేపూ ఎవరూ కూర్చోలేదు.

ఆ కాగితం చదివి లాయర్ బెన్నాసర్ తల పట్టుకున్నాడు. "మీరు నాకు కత్తి తెస్తారనుకుంటే నా మెడ కోసే కత్తే తెచ్చారమ్మా!" అన్నాడు. మళ్ళీ చదివాడు. మూడోసారి చదివేటప్పుడు పెదవులు కదిలాయి. తర్వాత దాన్ని మడత నలగకుండా ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాడు.

గురువారం ఏటికి అవతల రాజధానిలోని కోర్టులో జడ్జి ఆ కాగితం అందుకున్నాడు. "ముద్దాయి టాంజియర్‌లో ఉన్నాడని ముద్దాయి తరఫునే సాక్ష్యమా?" అని నవ్వబోయి, కింది వాక్యం దగ్గర ఆగిపోయాడు. ఆయన దాన్ని పైకి చదివాడు. వెనక బెంచీల మీద పన్నెండుమందీ, తమ పేర్లు వినబడుతున్నకొద్దీ, పిలవకపోయినా ఒక్కొక్కరుగా లేచి నిలబడ్డారు. కూర్చోమని కానిస్టేబుల్ సైగ చేశాడు. జడ్జి వద్దన్నట్టు చేయి ఎత్తాడు. ప్రాసిక్యూటర్ ఏదో చెప్పబోయి, టాంజియర్ ఇంట్లో చూశానన్న ఆ తోటి ఖైదీని కోర్టుకు తేగలరా అని జడ్జి అడిగితే, తేలేమన్నాడు. తీర్పు పండుగ తర్వాతికి వాయిదా పడింది. జామీను అలాగే ఉంచారు.

మిలాద్ ముందు రోజు అసర్ నమాజు అయ్యాక బతూల్ మేడ మీద నిలబడింది. శనగలు మాడకుండా నీళ్ళు పోసి, గొట్టానికి చుట్టిన గుడ్డ మార్చి, పరుగున పైకి వచ్చింది. కింద డోళ్ళు మోగుతున్నాయి. మైనపు దీపాలు ఒకదాని వెనక ఒకటి మలుపు తిరిగి వస్తున్నాయి. ఎండ వాటి పూల గుండా దూరి గోడల మీద ఎరుపూ పచ్చా చల్లుతోంది. మోసేవాళ్ళందరిదీ ఒకే సరంగు వేషం, ఒకే ఎర్ర టోపీ. ఎరుపు నడికట్టు, పసుపు కుచ్చులు వస్తున్నాయి. చిన్న చిన్న అడుగులు. పువ్వు ఒక్కటి కదలడం లేదు.

దీపం మోసేవాడు తలెత్తకూడదు. ఎత్తితే చట్రం ఒరుగుతుంది. అది అందరికీ తెలుసు. కానీ ఆమె మేడ కిందికి రాగానే ఆ దీపం ఒక్క క్షణం ఆగింది, పక్కనున్న హమ్మాదీ చట్రానికి భుజం ఆనించాడు, జిలాలీ ముఖం పైకెత్తి అక్కకు పూర్తిగా చూపించాడు. ఇంకెప్పుడూ నువ్వు నడికట్టు చూసి పొరబడనక్కర్లేదు అన్నట్టు. తర్వాత తల దించి నడిచాడు.

పండుగ అయ్యాక జడ్జి ఏమంటాడో ఇది చెప్తున్న రోజుకు మా సలేలో ఎవరికీ తెలియదు. విడిచిపెట్టవచ్చు, మళ్ళీ లోపలికి పంపవచ్చు. మీరు ఎప్పుడైనా ఎవరి గురించైనా "నేను చూశాను" అని చెప్పవలసి వస్తే, ఒక్క క్షణం ఆగి జిలాలీని గుర్తుచేసుకోండి. ఆ ఏడు ఆ దీపం మోసింది తను కాదని చెప్పిన జిలాలీని.